నేలకు పటము గీయు వృత్తి: రైతుబిడ్డలకు తగునా?

ఇంటర్మీడియెటు పరీక్షాఫలితములు వెలువడినది మొదలు, ఎఱువుల కొఱకును పంట ఋణముల కొఱకును సంఘము కార్యాలయమునకు వచ్చు సభ్యులలో పలువురు మమ్మొక ప్రశ్న యడుగుచుందురు. "మా అమ్మాయి ప్యాసయిందండీ, ఈ కంప్యూటరు చదువు తప్ప వేరే దారి లేదంటారా?" అని. ఇట్టివారికి వైద్యమనియు, ఇంజనీరింగనియు, ఉపాధ్యాయవృత్తి యనియు బదులు చెప్పుట అందఱకును అలవాటైపోయినది. ఆ జాబితాలో నెన్నడును వినబడని వృత్తి నొకదానిని గూర్చి యీ నెల వ్రాయదలచితిమి. దానిని పర్యావరణ ప్రణాళిక యందురు. పేరు పెద్దది, పని మాత్రము మన పొలముగట్టుమీదనే మొదలగును.

ఒక ప్రాంతమున ఊరు పెరుగవలెనన్నను, బాట వేయవలెనన్నను, కర్మాగారము నిలుపవలెనన్నను, ముందుగా కొన్ని ప్రశ్నలకు సమాధానము కావలెను. అచ్చటి నేల యెట్టిది? నీరు ఎటు పాఱును? పెద్ద వఱద ఎంతవఱకు ఎక్కును? భూగర్భజల మెంత లోతున నున్నది? ఏ నేల సాగునకే విడువదగినది, ఏది కట్టడములకు తగినది? వీనిని విచారించి, ఆ విచారణ ననుసరించి పటము గీచి, ఆ పటమునకు నియమములు వ్రాయుటయే పర్యావరణ ప్రణాళికాకారుని పని. ఇంజనీరు వంతెన యెట్లు కట్టవలెనో చెప్పును. వంతెన యెచ్చట కట్టవలెనో, అసలు కట్టవలెనో లేదో, కట్టినచో దిగువనున్న పొలములకేమగునో ఈతడు చెప్పవలెను.

ఇది పట్టణవాసుల విద్య కదా, మనకెందులకని కొందఱు తలపవచ్చును. మంగళగిరి ప్రాంతపు రైతులు మాత్రమట్లు తలపరని మా నమ్మకము. 2014లో రాష్ట్రము విడిపోయినపుడు రాజధానీ స్థలమును విచారించుటకు కేంద్ర ప్రభుత్వము శ్రీ కె. సి. శివరామకృష్ణన్ గారి యధ్యక్షతన నొక సంఘమును నియమించెను. ఆ సంఘము 2014 ఆగస్టులో సమర్పించిన నివేదికలో, విజయవాడ–గుంటూరు నడుమనున్న సారవంతమైన సాగుభూములను పెద్ద నగరముగా మార్చుట తగదని హెచ్చరించెను. రాష్ట్ర ప్రభుత్వము వేఱు విధముగా నిర్ణయించి, అదే సంవత్సరము డిసెంబరులో రాజధానీ ప్రాంతాభివృద్ధి సంస్థ చట్టమును చేసెను. తుళ్ళూరు, మంగళగిరి, తాడేపల్లి మండలములలోని 29 గ్రామములు 217 చదరపు కిలోమీటర్ల రాజధానీ నగర పరిధిలోనికి వచ్చినవి. భూసమీకరణ పథకముక్రింద రైతులిచ్చిన భూమి 33,000 ఎకరములకు మించినది. నగర బృహత్ప్రణాళిక మొదటిరూపమును 2015లో సింగపూరు సంస్థలు తయారుచేసి యిచ్చినవి. తరువాతి సంగతులు, 2019 డిసెంబరునుండి సాగిన రైతుల దీక్షలు, 2022 మార్చి 3వ తేదీని హైకోర్టు ఇచ్చిన తీర్పు, 2024లో పనుల పునఃప్రారంభము, సభ్యులెఱిగినవే. రాజధాని మంచిదా, చెడ్డదా, ఇచ్చటనా, వేఱొకచోటనా యనుట యీ పత్రిక పని కాదు. మేము చెప్పదలచినది వేఱు. ఇన్ని వేల కుటుంబముల బ్రతుకును మార్చిన వస్తువు ఒక కాగితముమీది పటము. ఆ పటమును చదువగలవారు మన గ్రామములలో ఎందఱుండిరి?

పటముమీది గీతకెంత విలువయో యొక ఉదాహరణము చెప్పెదము. భూసమీకరణ నిబంధనలలో భూములను రెండు తెగలు చేసిరి: మెట్ట, జరీబు. ఎకరము మెట్ట యిచ్చిన రైతునకు 1,000 చదరపు గజముల నివాసస్థలమును, 250 గజముల వాణిజ్యస్థలమును నిర్ణయింపబడినవి. జరీబు రైతునకు నివాసస్థలమంతయే గాని, వాణిజ్యస్థలము 450 గజములు. ఏటేటి కౌలు మెట్టకు రు. 30,000, జరీబుకు రు. 50,000, పిదప ఏటేట పెరుగుదల. పెనుమాక, ఉండవల్లి చుట్టుపట్ల కృష్ణయొడ్డున కొద్దిలోతున నీరు దొరకుచు, ఏడాదికి మూడు నాలుగు పంటలు పండు నేలలు జరీబు లగుటలో సందేహములేదు. చిక్కు వచ్చునది సరిహద్దున. గీత కీవలనున్న యెకరమునకును, ఆవలనున్న యెకరమునకును 200 గజముల స్థలమును, మొదటి యేట రు. 20,000 కౌలును తేడా. ఆ గీతను గీయువాడు బావిలో నీటిమట్టమును చూచి గీచెనా, పాత రికార్డును చూచి గీచెనా యని అడుగగలవాడు గ్రామములో నుండవలెను గదా! అడుగుట చాలదు; నీటిమట్టమును కొలిచి, తేదీలతో వ్రాసి చూపగలవాడు కావలెను.

ఇక నీటి మాట. మన ప్రాంతమున ప్రణాళికాకారుడు మొదట పలుకరింపవలసినది కొండవీటివాగును. ఇది కొండవీటి కొండలయందు పుట్టి, పాలవాగు మొదలగు చిన్నవాగులను కలుపుకొని, నల్లరేగడి పల్లములగుండ నీరుకొండ, కృష్ణాయపాలెముల మీదుగా వచ్చి ఉండవల్లియొద్ద కృష్ణలో గలియును. వేసవిలో చూచినవారికిది యొక మురుగుకాలువవలె తోచును. వానకాలమున దీని సంగతి వేఱు. కొండలమీద కురిసిన వాన కొద్ది గంటలలో దిగివచ్చును. అదే సమయమున కృష్ణ నిండుగా పాఱుచుండినచో, నదిమట్టము వాగుమట్టముకంటె హెచ్చై, వాగునీరు నదిలోనికి పోజాలక వెనుకకు తన్ని పొలములను ముంచును. నీరుకొండను వఱదనీరు చుట్టుముట్టుట ఈ ప్రాంతపు వృద్ధులందఱు చూచినదే. ఆ యూరి పేరే యొక సర్వేనివేదిక వంటిది. తెలుగెఱుగని ప్రణాళికాకారునకు అది మూడు నాలుగక్షరముల గుర్తు మాత్రమే, తెలిసినవానికి హెచ్చరిక.

ఈ వఱదనెత్తి కృష్ణలో పోయుటకు ఉండవల్లియొద్ద 5,000 క్యూసెక్కుల నీటిని తోడగల యెత్తిపోతల యంత్రాంగమును నిర్మించి 2018 సెప్టెంబరులో ప్రారంభించిరి. నగర ప్రణాళికలో నీరుకొండ, కృష్ణాయపాలెము, శాఖమూరులయందు జలాశయములను, వాగుల వెడల్పును గూడ చేర్చిరి. నగరమునకు 2015 అక్టోబరులో లభించిన పర్యావరణానుమతిని సవాలుచేయగా, జాతీయ హరిత ధర్మాసనము 2017 నవంబరు 17వ తేదీని తీర్పు చెప్పుచు, అనుమతిని రద్దుచేయక, అదనముగా షరతులు విధించి, వాని యమలును చూచుటకు సంఘములను నియమించెను. ఆ వ్యాజ్యములో ప్రధానముగా వాదింపబడిన విషయములలో నీ వాగు వఱదయు నొకటి. అనగా, మన తాతలు చావడి యరుగుమీద చెప్పుకొనిన మాట ఢిల్లీ న్యాయస్థానములో వాదమయ్యెను. కాని చావడి మాట వాదము కావలెనన్న, నడుమ దానిని కొలతగాను, పటముగాను, నివేదికగాను మార్చు మనుష్యుడొకడు కావలెను. మన సభ్యుల పిల్లలలో నట్టివారు లేకపోవుటచే ఆ పని వేఱొకరి చేతిలో పడుచున్నది.

ఏటికావలి బుడమేఱు సంగతి యింకను కండ్లముందున్నది. 2024 సెప్టెంబరు 1వ తేదీని విజయవాడ నగరములో సింగునగరము మొదలగు ప్రాంతములు రోజులతరబడి నీట మునిగినవి. అదే దినములలో ప్రకాశము బ్యారేజీవద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులకు మించి పాఱెను. వాగు పాఱవలసిన పల్లములో ఇండ్లు లేచినపుడు, ఆ యిండ్లకు పటములు మంజూరైనపుడు, ఎవరును ఆ పల్లమును గుర్తింపకుండిరా? గుర్తించినవారి మాట పటములోనికి ఎక్కలేదు. ఒక వృద్ధరైతు మాతో ననెను: "నీళ్ళొచ్చాక అందరూ ఇంజనీర్లేనండీ, రాకముందు చెప్పేవాడు కావాలి." ఈ వృత్తిని ఇంతకంటె చక్కగా నిర్వచించిన గ్రంథమును మేము చూడలేదు.

ఈ విద్య నిన్న మొన్న పుట్టినది కాదు. 1908 సెప్టెంబరు 28వ తేదీని మూసీనది పొంగి హైదరాబాదు నగరములో వేలకొలది జనము ప్రాణములు గోల్పోయిరి. నిజాము ప్రభుత్వము పిలువగా మరుసటి యేట వచ్చిన శ్రీ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు నగరములో మాత్రమే తిరిగి చూచి ఊరకొనలేదు. నదికి ఎగువనున్న పరీవాహక ప్రాంతమునంతను పరిశీలింపజేసిరి. వానదెబ్బకు రెండువందలకు పైబడిన చెఱువులు తెగి, ఒకదానిమీద నొకటి పడి, వఱదను రెట్టించినట్లు తేలినది. ఊరిని కాపాడవలెనన్న ఊరిగట్టు నెత్తుచేయుట చాలదు, ఊరికి పైన నీటిని నిలుపవలెనని ఆయన సలహా. ఆ సలహా ఫలితమే 1920లో పూర్తియైన ఉస్మాన్‌సాగరమును, 1927లో పూర్తియైన హిమాయత్‌సాగరమును. నగరమునకు కావలసిన నేర్పు నగరముబయటి పొలములలోను, చెఱువులలోను ఉన్నదని చూపుటకిది చాలును.

మఱియొకరిని గూర్చి చెప్పవలెను. పాట్రిక్ గెడ్డెసు అను స్కాట్లండు దేశీయుడు వృక్షశాస్త్రాచార్యుడు. మొక్కను దాని నేలనుండి విడదీసి తెలిసికొనలేమను నెఱుకతోనే పట్టణములను చూడ మొదలిడెను. 1914లో హిందూదేశమునకు వచ్చి చెన్నరాజధానిలోని పట్టణములను గూడ తిరిగి నివేదికలు వ్రాసెను. మొదట సర్వే, పిదప ప్రణాళిక యనుట ఆయన పద్ధతి. పట్టణములలోని చెఱువులను దోమల నెపమున పూడ్చివేయుటకంటె, శుభ్రపఱచి నిలుపుకొనుట మేలని వాదించిన వాడాయన. చెన్నరాజధాని పట్టణ ప్రణాళికా చట్టము 1920లో వచ్చినది. తరువాత అమెరికాలో నివసించిన ఇయాన్ మెక్‌హార్గు 1969లో ప్రచురించిన గ్రంథములో నొక సులభమైన ఉపాయమును ప్రచారము చేసెను: నేల యొక పలుచని కాగితముమీద, నీరు మఱియొకదానిమీద, వాలు, అడవి, వఱదహద్దు వేర్వేఱు కాగితములమీద గీచి, అన్నిటిని ఒకదానిపై నొకటి యుంచి వెలుతురున చూచుట. ఎచ్చట నలుపు దట్టమగునో అచ్చట కట్టరాదు. ఇప్పుడు కాగితముల స్థానమున కంప్యూటరు వచ్చినది. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రమువారు ఉపగ్రహచిత్రములను "భువన్" అను పేర 2009నుండి ప్రజలకందించుచున్నారు. ఉపాయము మాత్రమదే.

రైతుబిడ్డకిందు గల మేలేమనగా, ఆ కాగితములలో సగము వాని మనస్సులో ముందే గీయబడి యుండును. నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు బీటలువాఱునని వానికెవరు నేర్పవలెను? ఆ నేలలోని బంకమన్ను నీరు పీల్చి పెరిగి, ఆరి కుంచించుకొనుటచే పైనున్న గోడలు పగులునని ఇంజనీరు పరీక్షాశాలలో నేర్చుకొనును. ఇసుకమీద ఇల్లు కట్టుకొనిన బుద్ధిహీనుని కథను మిషను బడిలో చదివిన వారము మేము; రేగడిమీద కట్టువాని కథను ఆ పుస్తకములో చేర్చలేదు గాని, మంగళగిరిలో నది రోజూ కనబడును. మిరప కళ్ళమునకు ఏ మెఱక తగునో, ప్రత్తిచేనికి మురుగు ఎటు తీయవలెనో, ఏ డొంక వానకాలమున వాగగునో తెలిసినవాడు ప్రణాళికావిద్యకు సగము దూరము నడచివచ్చినవాడే.

చట్టముల విషయము సంక్షేపముగా. 1984 డిసెంబరులో భోపాలులో విషవాయువు వెలువడిన పిమ్మట 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టము వచ్చెను. దానిక్రింద 1994లో, పిదప మఱింత విస్తరించి 2006 సెప్టెంబరు 14న, పర్యావరణ ప్రభావ మదింపు ప్రకటనలు వెలువడినవి. పెద్ద గని గాని, రసాయన కర్మాగారము గాని, విద్యుత్కేంద్రము గాని పెట్టదలచినవారు ముందుగా ప్రభావ నివేదిక తయారుచేయింపవలెను. దాని సంగ్రహము ప్రాంతీయభాషలో, అనగా మనకు తెలుగులో, ఉండవలెను. కలెక్టరు కార్యాలయమునందును, జిల్లాపరిషత్తునందును, జిల్లా పరిశ్రమల కార్యాలయమునందును ఎవరైనను చూచుకొనవచ్చును. కనీసము 30 దినముల గడువిచ్చి పత్రికలలో ప్రకటించి, బహిరంగ విచారణ జరుపవలెను. ఈ విచారణకు కోరము లేదు. పదిమందే వచ్చినను జరుగును, వారి మాటలే ప్రజల మాటలుగా నమోదగును. ఇది మన సభ్యులు గుర్తుంచుకొనవలసిన సంగతి. మఱియొక సంగతి: 2006 ప్రకటన భవననిర్మాణములను, ఉపనగరములను బహిరంగ విచారణనుండి మినహాయించినది. కావున ఊరిమీదికి నగరము వచ్చునపుడు రైతు తన మాట చెప్పుకొనదగిన ముఖ్యమైన చోటు బృహత్ప్రణాళిక ముసాయిదాపై ఆక్షేపణలు స్వీకరించు గడువు. ఆ గడువులో "మాకన్యాయము జరిగినది" అని వ్రాసిన కాగితమునకును, "సర్వే నంబరు ఫలానా యందు వఱదమట్టమింత, పటములో చూపినదింత" అని వ్రాసిన కాగితమునకును గల వ్యత్యాసము ఇంతంత కాదు. 2017లో రాజధానీ ప్రాంతపు కొందఱు రైతులు ప్రపంచ బ్యాంకు తనిఖీమండలికే ఫిర్యాదు వ్రాసిరి. మనవారికి ధైర్యము కొఱవడలేదు. కొఱవడినది ఇంటిలోనే యుండి లెక్క కట్టి యిచ్చు మనుష్యుడు.

ఇక చదువు మాట. దీనికి దారులు రెండు. ఇంటరు ముగియగనే చేరదగినది నాలుగేండ్ల బి.ప్లానింగు. దీనికి గణితము తప్పక చదివియుండవలెను, ఎం.పి.సి.యే కానక్కఱలేదు, ఎం.ఇ.సి. చదివినవారికిని ద్వారము తెఱచియే యున్నది. ప్రవేశము జె.ఇ.ఇ. మెయిన్ పరీక్షలో రెండవ పేపరు, బి భాగము ద్వారా. అందులో గణితము, సామాన్య నైపుణ్యము, ప్రణాళికకు సంబంధించిన ప్రశ్నలు ఉండును. రసాయనశాస్త్రము, భౌతికశాస్త్రములకు భయపడువారికిది సంతోషవార్త. జె.ఇ.ఇ. మెయిన్ ప్రశ్నాపత్రము 2021నుండి తెలుగుభాషలో గూడ లభించుచున్నది. దరఖాస్తులో ఆ భాషను కోరుకొనుట మఱువరాదు.

ఈ విద్యకు ప్రసిద్ధమైన పాఠశాల మన యేటి కావలియొడ్డుననే యున్నది. విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ 2008లో కేంద్ర ప్రభుత్వముచే స్థాపింపబడినది. 2014 చట్టముచే జాతీయ ప్రాముఖ్యముగల సంస్థగా గుర్తింపబడినది. అందు బి.ప్లానింగుతోపాటు పర్యావరణ ప్రణాళికలో రెండేండ్ల ఎం.ప్లానింగు గూడ గలదు. హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలితకళా విశ్వవిద్యాలయమునందును ప్రణాళికావిద్య నేర్పుదురు. మంగళగిరినుండి బస్సెక్కి గంటలోపల చేరదగిన చోట ఇట్టి సంస్థ యుండగా, పిల్లలను ఎక్కడెక్కడికో పంపు తల్లిదండ్రులలో ఎందఱకు దీని పేరు తెలియునో మాకు సందేహమే.

రెండవదారి డిగ్రీ పిమ్మట. సివిలు ఇంజనీరింగు, వాస్తువిద్య చదివినవారును, భూగోళము, పర్యావరణశాస్త్రము వంటి విషయములలో పై పట్టము పొందినవారును ఎం.ప్లానింగులో ప్రవేశము కోరవచ్చును. సంస్థను బట్టి అర్హతలు కొంత మాఱును గనుక ఆ యేటి ప్రకటనను చదువుకొనవలెను. ప్రవేశమునకు గేటు పరీక్ష ముఖ్యము. 2021నుండి గేటులో పర్యావరణశాస్త్రము, ఇంజనీరింగు అను ప్రత్యేక పేపరు చేర్చబడినది. బై.పి.సి. చదివి బాపట్ల వ్యవసాయ కళాశాల వంటి చోట బి.యస్సి. అగ్రికల్చరు చేసినవారికి గూడ ఈ రంగమున చోటు లేకపోలేదు. ప్రభావ నివేదికలు వ్రాయు సంస్థలలో గుర్తింపు పొందవలసిన నిపుణుల జాబితాలో భూవినియోగము, భూగర్భజలములు, జీవవైవిధ్యము, సాంఘికార్థిక విషయములతోపాటు మృత్తికా సంరక్షణము గూడ నున్నది. మట్టి నెఱిగినవాని సంతకము లేక ఆ నివేదికలు పూర్తికావు.

ఉద్యోగములెచ్చట? పురపాలక సంఘముల పట్టణ ప్రణాళికా శాఖలు, రాజధానీ ప్రాంతాభివృద్ధి సంస్థవంటి సంస్థలు, కాలుష్య నియంత్రణ మండలి, 2019లో ఏర్పడిన వార్డు సచివాలయములలోని ప్రణాళికా కార్యదర్శి పదవులు ప్రభుత్వపు పక్షము. 2021లో మంగళగిరి–తాడేపల్లి నగరపాలక సంస్థ యేర్పడుటతో ఈ పని మన ముంగిటికే వచ్చినది. ప్రైవేటు పక్షమున సలహాసంస్థలు, గనుల, విద్యుత్తు సంస్థల పర్యావరణ విభాగములు గలవు. ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు 2024 డిసెంబరులో అమరావతికి ఒక్కొక్కటి సుమారు 80 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసినవి. ఇట్టి అప్పులతోపాటు పర్యావరణ, సామాజిక రక్షణ నిబంధనలును వచ్చును, వానిని చూచు నిపుణులును కావలసివత్తురు.

తీపి మాత్రమే చెప్పి చేదు దాచుట వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరులకు తగిన పని కాదు. విత్తనపు సంచిమీద దిగుబడి మాత్రమే వ్రాయువారు వేఱుగా నున్నారు. ప్రభుత్వపు ఖాళీలు ప్రతి యేట ప్రకటింపబడవు, ఎదురుచూపు తప్పదు. సలహాసంస్థలలో మొదటి జీతము కంప్యూటరు సంస్థల జీతమంత యుండదు. నివేదికలు ఇంగ్లీషున వ్రాయవలెను. ఎండలో వానలో తిరుగవలెను. వీనన్నిటికంటె కష్టమైనది మఱియొకటి. ప్రభావ నివేదిక తయారుచేయువానికి రుసుము నిచ్చునది, ఆ కర్మాగారము పెట్టదలచిన యజమానియే. ఉప్పు తిన్న చోట నిజము చెప్పుట యెంత కష్టమో చెప్పనక్కఱలేదు. ఒకచోట వ్రాసిన నివేదికలో ఊరిపేరు మార్చి వేఱొకచోట సమర్పించిన ఉదంతములు దేశములో బయటపడుచునే యున్నవి. అట్టి కాగితముమీద సంతకము పెట్టుమని పై యధికారి చెప్పినపుడు, పెట్టనని చెప్పగల పిల్లను గాని పిల్లవానిని గాని ఈ వృత్తికి పంపవలెను. తక్కినవారికి సులభమైన వృత్తులు చాల గలవు.

తమ పిల్లలకిందు అభిరుచి గలదో లేదో తెలిసికొనుటకు వేలరూపాయల కోచింగు అక్కఱలేదు. ఈ వానకాలమున నొక చిన్న పని పెట్టుడు. గ్రామపటమును సర్వే కార్యాలయమునుండి తెచ్చి యిండు. ఊరిలో పది బావులను, బోర్లను ఎంచుకొని నెలకొకసారి నీటిమట్టమును కొలిచి పుస్తకములో వ్రాయుమనుడు. బోరులో మట్టము కొలుచుటకు తాడు, బరువు, కొలబద్ద చాలును. పెద్దవానలో నీరెంతవఱకు ఎక్కినదో గోడలమీదను, చెట్లమీదను గుర్తుపెట్టి, ఆ గుర్తులను పటములో కలుపుమనుడు. ఊరిలో డెబ్బదేండ్లు దాటిన నలుగురిని, "తాతగారూ, మీ చిన్నతనంలో వాగు ఎటు పారేదండీ?" అని యడిగి, ఆ దారిని వేఱురంగు పెన్సిలుతో గీయుమనుడు. నలుగురు నాలుగు విధములుగా చెప్పుదురు. వారి మాటలలో నేది నేలమీది ఆనవాళ్ళతో సరిపోవునో తేల్చుకొనుటయే యీ విద్యలో మొదటిపాఠము. మూడవనెలకు పిల్లవాడు పుస్తకమును మూలపడవేసినచో చింత లేదు, వేఱు చదువు చూడుడు. కార్తికము దాటినను ఆ పుస్తకము నింపుచునే యున్నచో, జె.ఇ.ఇ. మెయిన్ దరఖాస్తులు సాధారణముగా అక్టోబరు, నవంబరు నెలలలోనే మొదలగునని మఱువకుడు.

అట్లు తయారైన పటములను, నీటిమట్టముల పుస్తకములను సంఘము కార్యాలయమున నొక బీరువాలో భద్రపఱచుటకు పాలకవర్గమువారు అంగీకరింపవలెనని మా మనవి. ఏ ముసాయిదా పటము వచ్చినను 30 దినముల గడువులో వానిని తీసి సరిచూచుకొనవచ్చును. పదవ తరగతి దాటిన పిల్లలలో ఈ పనికి పూనుకొనదలచిన వారు, బాలికలైనను బాలురైనను, వచ్చు నెల సంత దినమున ఉదయము కార్యాలయమునకు వచ్చినచో, బావి కొలుచు విధమును, గ్రామపటములో సర్వే నంబరులను గుర్తించు విధమును మేమే చూపెదము. పెన్సిలు, స్కేలు, నూరడుగుల తాడు వెంట తెచ్చుకొనవలెను.